అమ్మమ్మ పుట్టిన దేశానికి ఆడొచ్చా? రగ్బీలో లోకల్, నాన్‌లోకల్ లెక్క

పసిఫిక్ సముద్రంలోని ద్వీప దేశం సమోవా మొత్తం జనాభా రెండు లక్షల పైచిలుకు. 2011 లెక్కల్లో ఒక్క విజయనగరం పట్టణమే 2.28 లక్షలు. దాని పొరుగు ద్వీప దేశం టోంగా ఇంకా చిన్నది, లక్షమంది ఉంటారు. శ్రీకాకుళం టౌనే దానికంటే పెద్దది. విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కంటోన్మెంటు దాకా ఉన్న జనంలోంచి పదిహేనుమందిని ఏరి, ప్రపంచ కప్పులో ఇంగ్లాండుతో తలపడమంటే ఎలా ఉంటుంది? సమోవా 2023 అక్టోబరులో సరిగ్గా ఆ పనే చేసింది. లిల్ నగరంలో జరిగిన మ్యాచ్‌లో చివరి పావుగంట దాకా ఆధిక్యంలో ఉండి, 17-18తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

ఆ సమోవా జట్టు పట్టిక చూస్తే కొత్తగా రగ్బీ చూసేవాళ్లకి తల తిరుగుతుంది. క్రిస్టియన్ లియాలీఫానో అంతకుముందు 2019 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియాకి ఆడాడు. లిమా సొపోవాగా, స్టీవెన్ లువాటువా న్యూజిలాండు నల్ల జెర్సీ వేసుకున్నవాళ్లు. అదే టోర్నీలో టోంగాకు ఆడిన మలకాయ్ ఫెకిటోవా, 2015లో కప్పు గెలిచిన న్యూజిలాండు బృందంలో సభ్యుడు. ఇటు స్కాట్లాండులో జాక్ డెంప్సీ ఉన్నాడు, అతనూ 2019లో ఆస్ట్రేలియావాడే. క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇది పార్టీ ఫిరాయింపులా కనిపిస్తుంది. నిజానికి దీని వెనక చాలా పకడ్బందీ నిబంధన ఉంది. రగ్బీ వాళ్లు దాన్ని ‘రెగ్యులేషన్ 8’ అంటారు.

మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లకి ఇది అర్థం చేసుకోవడం తేలిక. ఉద్యోగానికో, సీటుకో దరఖాస్తు పెట్టిన ప్రతి ఇంట్లోనూ ‘లోకల్, నాన్‌లోకల్’ గొడవ తెలుసు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని స్కూళ్ల చుట్టూ తిరిగినవాళ్లమే. పాతపట్నంలో పుట్టి, పక్కనే ఉందని పర్లాకిమిడిలో చదివిన పిల్లాడు నాన్‌లోకల్ లెక్కలోకి జారిపోతాడు. ఎక్కడ పుట్టావన్నది కాదు, వరుసగా ఎక్కడ చదివావన్నదే అక్కడ ముఖ్యం. రగ్బీలోనూ ఇలాంటి ధ్రువీకరణే ఉంటుంది. కాకపోతే తలుపులు ఎక్కువ.

నాలుగు తలుపులు

మొదటిది పుట్టుక. ఆ దేశంలో పుడితే చాలు. రెండోది అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాతయ్య, నాయనమ్మ, వీళ్లలో ఒక్కరైనా ఆ దేశంలో పుట్టి ఉండాలి. ముత్తాత లెక్కలోకి రాడు. మూడోది, ఆ దేశపు రగ్బీ సంఘంలోనో దాని కిందున్న క్లబ్బులోనో వరుసగా 60 నెలలు నమోదై ఉండటం. మధ్యలో ఇంకో దేశపు క్లబ్బుకి వెళ్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. నాలుగోది, విడివిడిగానైనా మొత్తం పదేళ్లు ఆ దేశంలో నివసించడం.

ఈ మూడో తలుపు మీదే ఎక్కువ రగడ జరిగింది. పూర్వం అది 36 నెలల నివాసమే. మూడేళ్లు ఉంటే చాలు కదా అని కొన్ని దేశాలు వేరే దేశాల్లో జాతీయ జట్టు అంచుదాకా వచ్చి ఆగిపోయినవాళ్లని వెతికి, కాంట్రాక్టు ఇచ్చి తెచ్చుకునేవి. వాళ్లని ‘ప్రాజెక్టు ప్లేయర్లు’ అనేవారు. ఐర్లండుకి ఆడే బండీ ఆకి ఆక్లండ్‌లో పుట్టిన సమోవా బిడ్డ, 2017లో ఈ దారినే వచ్చాడు. స్కాట్లాండు తరఫున ట్రైల మీద ట్రైలు (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకి ఆనించి తెచ్చే స్కోరు) చేసే డుహాన్ వాన్ డెర్ మెర్వా దక్షిణాఫ్రికావాడు, అతనిదీ ఇదే దారి. అర్జెంటీనా మాజీ కెప్టెన్ అగస్టిన్ పిచోట్, ప్రపంచమంతా ఈ ఆటని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీలో ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు పట్టుబట్టి దీన్ని అయిదేళ్లకి పెంచే తీర్మానం చేయించాడు. 2017లో ఒప్పుకున్నారు, కోవిడ్ వల్ల ఆలస్యమై 2022 నుంచి గట్టిగా అమలవుతోంది. పాతికేళ్లు నిండిన ఆటగాడిని తెచ్చుకుని ముప్పై వచ్చేదాకా కూర్చోబెట్టడం ఏ సంఘానికీ గిట్టుబాటు కాదు. అందుకే ప్రాజెక్టు ప్లేయర్ల కాలం దాదాపు ముగిసినట్టే.

పౌరసత్వం అక్కర్లేదా అని అడగొచ్చు. వరల్డ్ రగ్బీ నిబంధనలో అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో ఆడే ఏడుగురి రగ్బీకి (సెవెన్స్) మాత్రం పాస్‌పోర్టు కావాలి, అది ఒలింపిక్ చార్టర్ షరతు. కొన్ని సంఘాలు తమంతట తామే ఇంకా బిగిస్తాయి. ఫ్రాన్స్ సమాఖ్య 2016 చివర్లో, ఫ్రెంచి పాస్‌పోర్టు లేనివాడిని జాతీయ జట్టులోకి తీసుకోబోమని ప్రకటించింది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరుకు తోటలకి కూలీలని ఓడల్లో తీసుకెళ్లారు. అప్పటి విశాఖ జిల్లా నుంచి, అంటే విజయనగరం ప్రాంతం కూడా కలిసి ఉన్న జిల్లా నుంచి, చాలామంది వెళ్లారు. ఫిజీలో తెలుగు మూలాలున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. గజపతినగరం దగ్గర పుట్టి 1912లో వెళ్లినవాడు ఒకడున్నాడనుకోండి. అతని కొడుకు ఫిజీలోని లౌటోకాలో పుట్టాడు. మనవడూ అక్కడే. ఆ మనవడు వరల్డ్ రగ్బీ లెక్కలో భారతదేశానికి అర్హుడే, తాత ఇక్కడ పుట్టాడు కాబట్టి. ముని మనవడు కాదు. మన సర్కారు 2008లో, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశానికి ఆడాలని నియమం పెట్టింది కాబట్టి, రగ్బీ తలుపు తెరిచినా ఢిల్లీ తలుపు దగ్గర ఆగాల్సిందే. తిరగేసి చూస్తే, నువ్వు పుట్టింది రాజాం అయినా మీ అమ్మమ్మ ఫిజీ రాజధాని సువాలో పుట్టి పెళ్లై ఇటొచ్చిందని జనన ధ్రువపత్రం చూపిస్తే ఫిజీకి ఆడొచ్చు. నిన్ను ఎంచుకుంటారా అన్నది వేరే సంగతి!

ముద్ర పడిన తర్వాత

అర్హత ఎన్ని దేశాలకైనా ఉండొచ్చు. ఒక్కసారి ఒక దేశపు సీనియర్ జట్టుకి ఆడితే ముద్ర పడిపోతుంది. రగ్బీ భాషలో ‘క్యాప్చర్’. సీనియర్ జట్టుతో ఆగదు, ఆ దేశం తన ‘రెండో జట్టు’ అని నమోదు చేసిన దానికి ఆడినా ముద్రే. ఏడుగురి రగ్బీలో వయసు షరతులతో ఇదే వర్తిస్తుంది. పుట్టి మునిగేది ఇక్కడే.

2018లో ఏం జరిగిందో చూడండి. 2019 ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో రుమేనియా, స్పెయిన్, బెల్జియం మూడూ అనర్హులని ఆడించాయని తేలింది. రుమేనియా ఆడించిన ఒకతను అప్పటికే టోంగా తరఫున సెవెన్స్ ఆడి ఉన్నాడు. స్పెయిన్ వాళ్లు తీసుకున్నవాళ్లలో కొందరు ఫ్రాన్స్ అండర్-20కి ఆడినవాళ్లు. కుర్రాళ్ల జట్టే కదా అనుకున్నారు. ఫ్రాన్స్ మాత్రం అప్పట్లో ఆ అండర్-20 జట్టునే తన రెండో జట్టుగా నమోదు చేసింది. పాయింట్లు కోసేశారు, పోటీలో వెనకబడి ఉన్న రష్యాకి బెర్తు దక్కింది. 2018 జనవరి నుంచి అండర్-20 జట్లని రెండో జట్టుగా చూపించడం మాన్పించారు, కానీ అంతకుముందు పడిన ముద్రలు పోలేదు.

అంత దెబ్బ తిన్నాక ఎవరైనా రెండోసారి జాగ్రత్తపడతారు. స్పెయిన్ పడలేదు. 2023 కప్పుకి మైదానంలో అర్హత సంపాదించింది, 24 ఏళ్ల తర్వాత దక్కిన అవకాశం. జట్టులో దక్షిణాఫ్రికాలో పుట్టిన ఒక ఆటగాడు ఉన్నాడు. అతని లెక్క అప్పటి పాత పద్ధతి, 36 నెలల నివాసం. మధ్యలో అనుమతించిన రోజులకంటే ఎక్కువ దేశం బయట ఉన్నాడు. దాన్ని కప్పిపుచ్చడానికి పాస్‌పోర్టు నకలులో ముద్రలు మార్చేశారని విచారణలో బయటపడింది. స్టడీ సర్టిఫికెట్‌లో తేదీ దిద్దినట్టన్నమాట. అతను నెదర్లాండ్స్ మీద ఆడిన రెండు మ్యాచ్‌లకి పది పాయింట్లు పోయాయి. బెర్తు రుమేనియాకి వెళ్లింది. ఆ రుమేనియా కప్పులో దక్షిణాఫ్రికా చేతిలో 0-76, స్కాట్లాండు చేతిలో 0-84తో చిత్తయింది. ఒక జత కాగితాలు రెండు దేశాల ఆటగాళ్ల నాలుగేళ్ల కష్టాన్ని ఎలా తారుమారు చేస్తాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. జట్టుకి కోచ్ ఎంత అవసరమో, కాగితాలు చూసే గుమాస్తా అంతే అవసరం.

ముద్ర చెరిపే దారి

ఈ ముద్ర మొదటి నుంచీ ఇంత గట్టిది కాదు. మైకేల్ జోన్స్ 1986లో సమోవాకి ఆడి, మరుసటి ఏడు న్యూజిలాండుతో మొట్టమొదటి ప్రపంచ కప్పు గెలిచాడు. ఫ్రాంక్ బన్స్ 1991లో సమోవా జట్టులో ఉన్నాడు, మరుసటి ఏడాదికల్లా న్యూజిలాండు జట్టులో తేలాడు. 2000 నుంచి ‘జన్మకి ఒకే దేశం’ అన్నారు. అదే ఏడాది వేల్స్‌కి ఆడుతున్న షేన్ హోవర్త్, బ్రెట్ సింకిన్సన్‌లకి వాళ్లు చెప్పుకున్న వేల్స్ తాతయ్య లేనేలేడని తేలింది. స్కాట్లాండులో డేవ్ హిల్టన్‌దీ అదే కథ. పత్రికలు దానికి ‘గ్రానీగేట్’, అంటే అమ్మమ్మల కుంభకోణం, అని పేరు పెట్టి ఏడిపించాయి.

ఒకే దేశం నియమం అందరికీ ఒకటే అయినా, దెబ్బ మాత్రం సమోవా, టోంగా, ఫిజీ లాంటి పసిఫిక్ ద్వీపాలకే తగిలింది. న్యూజిలాండు ఇరవైమూడేళ్ల టోంగా కుర్రాణ్ణి రెండు మూడు టెస్టులు (రగ్బీలో అంతర్జాతీయ మ్యాచ్‌ని టెస్టు అంటారు) ఆడించి పక్కన పెట్టేస్తుంది. అతను ఇక న్యూజిలాండుకి ఆడడు, టోంగాకి ఆడలేడు. పదేళ్ల కెరీర్ మిగిలి ఉండగానే అంతర్జాతీయ రగ్బీకి చచ్చిపోయినట్టే. టోంగా మూలాలున్న జార్జ్ మొవాలా న్యూజిలాండుకి ఆడింది నాలుగు మ్యాచ్‌లే.

దీనికి విరుగుడుగా 2021 నవంబరులో ఓటింగ్ జరిగి, 2022 జనవరి 1 నుంచి మార్పు వచ్చింది. షరతులు నాలుగు. పాత దేశానికి ఆఖరి మ్యాచ్ ఆడి మూడేళ్లు నిండాలి. కొత్త దేశంలో తానైనా, అమ్మానాన్నల్లో ఒకరైనా, వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరైనా పుట్టి ఉండాలి. అయిదేళ్లు నమోదై ఉన్నా, నివాసం ఉన్నా ఇక్కడ చెల్లదు, రక్తసంబంధమే కావాలి. జీవితంలో ఒక్కసారే మారొచ్చు. ప్రతి దరఖాస్తునీ వరల్డ్ రగ్బీ కమిటీ విడిగా చూసి ఒప్పుకోవాలి. ఫెకిటోవా న్యూజిలాండుకి 24 టెస్టులు ఆడాక, 2022 జూలైలో పుట్టిన దేశం టోంగాకి దిగాడు. ఆస్ట్రేలియాకి 73 టెస్టులు ఆడిన ఇజ్రాయెల్ ఫొలావు, న్యూజిలాండు మాజీ చార్ల్స్ పియుటౌ కూడా ఆ ఏడే వచ్చారు. డెంప్సీకి స్కాట్లాండు తాతయ్య కలిసొచ్చాడు.

‘ద్వీపాల ఆటగాళ్లని పెద్ద దేశాలు దోచేస్తున్నాయి’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అందులో సగమే నిజం. ద్వీపాల మూలాలున్న న్యూజిలాండు స్టార్లు జోనా లోము, ఆర్డీ సావియా వంటివాళ్లు న్యూజిలాండులోనే పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆక్లండ్ ఫ్యాక్టరీలకి కూలీలు కావలసి వచ్చి ద్వీపాల నుంచి కుటుంబాలని రానిచ్చారు. 1970ల్లో పనులు తగ్గగానే తెల్లవారుజామున ఇళ్ల మీద పడి వీసాలు అడిగి తరిమేశారు. 2021లో ఆ దేశ ప్రధాని అధికారికంగా క్షమాపణ చెప్పారు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లాడు న్యూజిలాండుకి ఆడితే దొంగతనమెలా అవుతుంది? సూరత్‌లోనో, చెన్నైలోనో పుట్టి పెరిగిన సిక్కోలు కుర్రాడు ఆ రాష్ట్రానికి కబడ్డీ ఆడితే మనం తప్పుపట్టం కదా. పదహారేళ్లకి స్కాలర్‌షిప్ పేరుతో తీసుకెళ్లిన పిల్లల సంగతి వేరు, అక్కడ ప్రశ్న అడగాల్సిందే.

ఒక్క టుయిలాగి ఇంటిని చూస్తే ఈ చిక్కంతా కనిపిస్తుంది. సమోవాలోని ఒక పల్లెటూరి అన్నదమ్ములు. పెద్దవాడు ఫ్రెడ్డీ ఇంగ్లాండులో లెస్టర్ క్లబ్బుకి వెళ్లాడు, వెనకాలే హెన్రీ, అలెసానా. మన పలాస కుర్రాడు హైదరాబాదులో మేస్త్రీ పని దొరికాక తమ్ముళ్లని రప్పించుకున్నట్టే. ఈ అన్నలు సమోవాకి ఆడారు. ఆఖరివాడు మాను పదమూడేళ్లప్పుడు సెలవుల వీసా మీద అన్న దగ్గరికి వచ్చి ఉండిపోయాడు, లెస్టర్‌లోనే స్కూలు, అక్కడే ఆట. 2010లో బ్రిటన్ ప్రభుత్వం అతన్ని వెనక్కి పంపించే దాకా వచ్చింది. అభిమానులు గగ్గోలు పెట్టాక ఉండనిచ్చారు, మరుసటి ఏడు ప్రపంచ కప్పుకి ఇంగ్లాండు జట్టులోకి తీసుకున్నారు. ఆ టోర్నీలో ఆక్లండ్ రేవులో పడవ మీంచి నీళ్లలోకి దూకి జరిమానా కట్టించుకున్నాడు, అది వేరే కథ. హెన్రీ తర్వాత ఫ్రాన్స్‌లో పెర్పిన్యా క్లబ్బుకి వెళ్లాడు. అక్కడ పెరిగిన అతని కొడుకు పొసొలో 2024లో ఫ్రాన్స్ జట్టులో అడుగుపెట్టాడు. తండ్రి సమోవా, బాబాయి ఇంగ్లాండు, కొడుకు ఫ్రాన్స్. వీళ్లలో ఎవరు ఎవరిని మోసం చేశారు?

తిరిగొచ్చినా ఎందుకు గెలవలేదు

2023 కప్పులో టోంగా మాజీ న్యూజిలాండు స్టార్లతో వచ్చింది. ఐర్లండు చేతిలో 16-59, స్కాట్లాండు చేతిలో 17-45, దక్షిణాఫ్రికా చేతిలో 18-49. రుమేనియా మీద మాత్రం గెలిచింది. పేర్లు చూసి ఆశపడ్డవాళ్లకి నిరాశే. కారణం ఆటగాళ్లలో లేదు. పదిహేనుమంది ఆటలో స్క్రమ్ (భుజాలు కలిపి గుంపుగా నెట్టుకోవడం), లైనౌట్ (గీత బయటినుంచి విసిరిన బంతిని వరసలో నిలబడి అందుకోవడం) కుదరాలంటే నెలల తరబడి ఒకరి భుజం ఒకరికి అలవాటు కావాలి. ఈ జట్లలోని వాళ్లు ఫ్రాన్స్, ఇంగ్లాండు, జపాన్ క్లబ్బుల్లో చెల్లాచెదురుగా ఉండి, టోర్నీకి కొద్ది వారాల ముందు కలుస్తారు.

ఆ కొద్ది వారాలూ దొరకడం కూడా కష్టమే. జూలై, నవంబరు అంతర్జాతీయ మ్యాచ్‌ల సమయంలో క్లబ్బులు ఆటగాణ్ణి వదలాలని రెగ్యులేషన్ 9 చెబుతుంది. కాగితం మీద క్లబ్బు అడ్డుపడదు. కాంట్రాక్టు మాట్లాడేటప్పుడు, దేశానికి వెళ్లనివాడికి కాస్త ఎక్కువ ఇస్తామన్న మాట నోటిమాటగా వస్తుంది, అంతే. జీతం మీద ఊళ్లో ఇరవైమంది బతుకుతున్నప్పుడు కాదనేవాడెవడు? దేశం ఇచ్చేది అతి తక్కువ. 2016లో ఫిజీ లండన్‌లో ఆడినప్పుడు ఇంగ్లాండు ఆటగాడికి మ్యాచ్‌కి సుమారు 22 వేల పౌండ్లు, ఫిజీ ఆటగాడికి 400 పౌండ్లని పత్రికలు రాశాయి.

ఫ్రాన్స్‌లో ఇంకో చిత్రం ఉంది. అక్కడి లీగ్‌లో ప్రతి క్లబ్బూ 23 మందిలో సగటున 16 మంది ‘ఫ్రాన్స్‌లో తయారైన’ ఆటగాళ్లని దించాలి. స్థానికులకి అవకాశం రావాలని పెట్టిన నియమం. ‘తయారైన’ అంటే చిన్న వయసులో కొన్నేళ్లు ఫ్రెంచి అకాడమీలో శిక్షణ పొందడం, పుట్టుకతో పనిలేదు. క్లబ్బులు ఏం చేశాయి? ఫిజీ కుర్రాళ్లని ఇంకా చిన్న వయసులో తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. క్లెర్మాన్ క్లబ్బయితే ఫిజీలోని నద్రోగాలోనే అకాడమీ పెట్టింది. వలస ఆపాలని పెట్టిన షరతు వలస వయసుని తగ్గించింది.

ఫిజీ ఈ మొత్తంలో వేరే దారి పట్టింది. 2022లో ఫిజియన్ డ్రువా అనే జట్టు ఆస్ట్రేలియా, న్యూజిలాండు క్లబ్బులుండే సూపర్ రగ్బీలో చేరింది. కోవిడ్ వల్ల మొదట్లో ఆస్ట్రేలియాలో మకాం పెట్టినా, తర్వాత నాడిలో శిబిరం, సువా, లౌటోకాల్లో మ్యాచ్‌లు. లౌటోకా అంటే మన ప్రాంతం వాళ్లు చెరుకు నరికిన ఊరే, పెద్ద చక్కెర మిల్లు అక్కడే ఉంది. ఆట చూసే గుంపులో వాళ్ల వారసులూ ఉంటారు, కానీ ఆడేది ఎక్కువగా ఫుట్‌బాలే. జీతం ఇంటి దగ్గరే దొరికేసరికి కుర్రాళ్లు ఏడాది పొడవునా ఒకే చోట, ఒకే కోచ్ కింద సాధన చేశారు. 2023 కప్పుకి వెళ్లిన ఫిజీ జట్టులో సగంమంది దాకా డ్రువా వాళ్లే. టోర్నీకి ముందు ఇంగ్లాండు సొంత మైదానం ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లాండుని 30-22తో చరిత్రలో మొదటిసారి ఓడించారు. కప్పులో ఆస్ట్రేలియాని 22-15తో ఓడించారు, 1954 తర్వాత ఇదే మొదటిసారి. పోర్చుగల్ చేతిలో ఒక్క పాయింటుతో జారినా క్వార్టర్ ఫైనల్ చేరారు. టోంగా పెద్ద పేర్లని తెచ్చుకుంది, ఫిజీ తన కుర్రాళ్లని బయటికి వెళ్లనివ్వలేదు. రెండో పనే ఫలించింది. ముద్ర చెరిపే నియమం న్యాయమైనదే, అయితే దానితో జట్టు తయారవదు.

సమోవా పరిస్థితి చూస్తే ఇది ఇంకా స్పష్టం. 2027 ఆస్ట్రేలియా కప్పుకి జట్ల సంఖ్యని 20 నుంచి 24కి పెంచారు. అయినా సమోవా 2025 నవంబరులో దుబాయ్ దాకా వెళ్లి, బెల్జియంతో 13-13 డ్రా చేసుకుని ఆఖరి బెర్తు పట్టుకోవాల్సి వచ్చింది. 1991లో వేల్స్‌ని వాళ్ల సొంత మైదానంలో ఓడించిన దేశమిది.

2026 జూలైలో మొదలయ్యేలా నేషన్స్ ఛాంపియన్‌షిప్ అనే కొత్త పోటీ రూపొందించారు. పన్నెండు జట్లు, యూరప్ ఆరు, మిగతా ప్రపంచం నుంచి ఆరు. ఫిజీకి చోటిచ్చారు, సమోవా, టోంగాలకి లేదు. కింది జట్లు పైకి వచ్చే ఏర్పాటు 2030 దాకా పెట్టలేదు. ఆ మొదటి జూలైలో వేల్స్, ఇంగ్లాండు, స్కాట్లాండులతో ఫిజీ ఆడే మూడు మ్యాచ్‌లూ కాగితం మీద ఫిజీ సొంతగడ్డ మ్యాచ్‌లు. టికెట్ల ఆదాయం అక్కడైతేనే వస్తుందని వాటిని కార్డిఫ్, లివర్‌పూల్, ఎడిన్‌బరోలకి కేటాయించారు.